కన్నులార చూచిన సత్యము

ఆర్గొనాట్ అనునది నడిసముద్రమున నివసించు ఒక ఆక్టోపస్. దీని ఆడుదానికి కాగితమువలె పలుచని తెల్లని గుల్ల కలదు. మగది మిక్కిలి చిన్నది. దానికి గుల్ల లేదు. ఆ గుల్ల ఆర్గొనాట్ తాను నిర్మించుకొన్నదా, లేక వేరొక జీవినుండి అపహరించినదా అని పండితులు చిరకాలము వాదులాడిరి.

ఫ్రెంచి వనిత జాన్ విల్‌ప్రూ-పవర్ 1832లో సిసిలీ ద్వీపమందలి మెస్సీనాలో గాజుతొట్లు చేయించి, వీనిని సజీవముగ ఉంచి పరిశీలించిరి. గుల్ల పగిలినపుడు ఆ జీవి రెండు చేతులకున్న వెడల్పాటి పొరలతో దానిని తానే బాగుచేసికొనుట ఆమె చూచిరి. వివాదము తీరినది. తల్లి తన గ్రుడ్లను కాపాడునది ఆ గుల్లలోనే.

గట్టు తగవైనను, కాలువ తగవైనను, రచ్చబండపై వాదించుటకంటె స్థలమునకు పోయి చూచుట మేలు. పంచాయతీ సభ్యులు దీనినుండి గ్రహింపదగిన పాఠమిదియే.