జపాన్ ప్రగతిలో మహిళలు

ఉద్దేశం: ఒక దేశం ధనవంతమైనంత మాత్రాన అక్కడ స్త్రీలకు సమానత్వం దానంతటదే రాదని, దానికోసం చట్టాలూ, ప్రజల ఆలోచనలూ మారాలని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

జపాన్ అనగానే మనకు వేగంగా పరుగెత్తే రైళ్ళు, కార్లు, కెమేరాలు గుర్తుకు వస్తాయి. ఖనిజ సంపద అంతగా లేని ఆ ద్వీప దేశం పారిశ్రామికంగా ఎదిగిన తీరు ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. యంత్రాలు కొనడానికి ఆ దేశానికి తొలినాళ్ళలో విదేశీ ద్రవ్యాన్ని ఎక్కువగా సంపాదించిపెట్టిన సరుకు ఏమిటో తెలుసా? పట్టుదారం! ఆ దారం తీసిన చేతులు ఆడపిల్లలవి.

1872లో జపాన్ ప్రభుత్వం తొమియోకా అనే ఊరిలో ఒక పెద్ద పట్టుమిల్లును స్థాపించింది. పని నేర్పడానికి ఫ్రాన్సు నుంచి నిపుణులు వచ్చారు. కాని పనిలో చేరడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ విదేశీయులు తాగే ఎర్రని ద్రాక్షసారా చూసి, వారు ఆడపిల్లల నెత్తురు తాగుతారని జనం భయపడ్డారు. అప్పుడు మిల్లు అధిపతి ఒదకా అత్సుతదా తన కూతురు యూనే పనిలో చేర్పించాడు. దానితో జనం భయం క్రమంగా తీరింది. మరుసటి సంవత్సరం మత్సుషిరో నుంచి ఏయి అనే బాలిక తన తోటివారితో కలిసి వచ్చింది. పని నేర్చుకొని 1874లో తిరిగి వెళ్ళి, తన ప్రాంతంలోని మిల్లులో ఇతరులకు నేర్పింది. పెద్దయ్యాక తన అనుభవాలను గ్రంథస్థం చేసింది.

తరువాత వచ్చిన మిల్లులన్నీ ఇంత చక్కగా లేవు. పని గంటలు ఎక్కువ, కూలి తక్కువ. 1886లో కోఫు నగరంలోని ఒక పట్టుమిల్లులో యాజమాన్యం పని గంటలు పెంచి కూలి తగ్గించింది. వందమందికి పైగా స్త్రీలు పని మాని ఒక దేవాలయంలో సమావేశమయ్యారు. జపాన్‌లో కర్మాగార కార్మికుల తొలి సమ్మెగా దీనిని చెబుతారు. దేశానికి సంపద తెచ్చిపెట్టిన ఆ స్త్రీలకు అప్పటికి ఓటు హక్కు కూడా లేదు.

ఆ హక్కు రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక వచ్చింది. 1946 ఏప్రిల్ 10న జపాన్ మహిళలు సార్వత్రిక ఎన్నికలలో మొదటిసారి ఓటు వేశారు. 39 మంది మహిళలు దిగువసభకు ఎన్నికయ్యారు. 1947లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం స్త్రీపురుషులు సమానులని చెప్పింది. ఆ రాజ్యాంగంలోని స్త్రీల హక్కుల అంశాలను తొలుత రాసింది బియాటే సిరోటా అనే 22 ఏళ్ళ యువతి. బాల్యం జపాన్‌లో గడిపినందువల్ల అక్కడి స్త్రీల కష్టాలు ఆమెకు తెలుసు.

మరి కాగితం మీది సమానత్వం కార్యాలయాలలోకి వచ్చిందా? 1968 నాటికి జపాన్ పెట్టుబడిదారీ దేశాలలో రెండవ పెద్ద ఆర్థికశక్తి అయింది. కాని చాలా సంస్థలలో పెళ్ళి కాగానే ఉద్యోగినులు రాజీనామా చేయవలసి వచ్చేది. ఒక సిమెంటు కంపెనీ ఉద్యోగిని దీనిపై కోర్టుకు వెళ్ళింది. ఆ నిబంధన చెల్లదని 1966లో టోక్యో జిల్లా న్యాయస్థానం తీర్పు చెప్పింది. పురుషులకు 60 ఏళ్ళకు, స్త్రీలకు 55 ఏళ్ళకు పదవీ విరమణ అనే మరొక సంస్థ నియమాన్ని 1981లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1985లో ఉద్యోగాలలో సమాన అవకాశాల చట్టం వచ్చింది. మొదట నియామకాలలోనూ, పదోన్నతులలోనూ వివక్ష లేకుండా చూడటానికి 'ప్రయత్నించాలి' అని మాత్రమే చట్టం కోరింది. 1997లో దానిని సవరించి, వివక్షను నిషేధించారు.

ఇంతలో మరో సమస్య ఎదురైంది. జననాలు తగ్గాయి, వృద్ధులు పెరిగారు, పనిచేసే వయసువారి సంఖ్య 1990ల నుంచి తగ్గసాగింది. చదువుకున్న స్త్రీలను ఇంటికే పరిమితం చేస్తే దేశానికే నష్టమని పాలకులు గుర్తించారు. శిశు సంరక్షణ కేంద్రాలు పెరిగాయి. ఉద్యోగినుల సంఖ్యా పెరిగింది.

అయినా దారి ఇంకా మిగిలే ఉంది. 2022లో పూర్తికాలం పనిచేసే పురుషునికి 100 యెన్‌లు వస్తే స్త్రీకి వచ్చినవి సుమారు 79. టోక్యోలోని ఒక వైద్య విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షలలో ఆడపిల్లల మార్కులు తగ్గించినట్లు 2018లో బయటపడింది. ప్రపంచ ఆర్థిక వేదిక 2024లో 146 దేశాలను స్త్రీపురుష సమానత్వం ప్రకారం పోల్చినప్పుడు జపాన్‌ది 118వ స్థానం. 2025 అక్టోబరులో తకాయిచి సనాయే ఆ దేశపు తొలి మహిళా ప్రధాని అయ్యారు. ఆ పదవికి ఒక మహిళ చేరడానికి, ఓటు వేసిన తొలి రోజు నుంచి 79 ఏళ్ళు పట్టింది.

'ఇంటికి దీపం ఇల్లాలు' అని మన పెద్దలు అన్నారు. దీపం వెలుగు గడప దగ్గర ఆగదు. ఆగాలని మనం తలుపు మూస్తే, చీకటిలో మిగిలేది మనమే. జపాన్ కథ మనకు చెప్పేది ఇదే.

అర్థాలు
ద్రవ్యం = ధనం
గ్రంథస్థం చేయు = పుస్తకంగా రాయు
వివక్ష = భేదభావం
పదోన్నతి = ఉద్యోగంలో పై స్థాయికి చేరడం

ప్రశ్నలు
1. తొమియోకా మిల్లులో చేరడానికి జనం ఎందుకు భయపడ్డారు? ఆ భయం ఎలా తీరింది?
2. 'ప్రయత్నించాలి' అనే చట్టానికీ, 'నిషేధించాం' అనే చట్టానికీ తేడా ఏమిటి?
3. స్త్రీలు ఉద్యోగాలు చేయడం జపాన్ ఆర్థిక వ్యవస్థకు ఎందుకు అవసరమైంది?
4. మీ ఇంటిలో ఒక రోజు ఎవరెవరు ఏయే పనులు ఎన్ని గంటలు చేస్తారో పట్టికగా రాయండి. దానిని చూసి మీకు తోచిన విషయాలను తరగతిలో చెప్పండి.