మూడు రోజులు, ఒక నది

చి. అమ్మాయికి,

తొమ్మిదో తరగతి పిల్లలు నలభై మందిని మూడు రోజులు హైదరాబాద్ తీసుకెళ్ళి చరిత్ర చూపించాలనే నీ ఆలోచన నాకెంతో నచ్చింది. నువ్వు పంపిన పట్టిక మాత్రం నచ్చలేదు. గోల్కొండ, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా, బిర్లా మందిరం, ట్యాంక్‌బండ్, జూ పార్కు, ఫిల్మ్ సిటీ అంటూ పదహారు పేర్లు రాశావు. కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగినా మూడు రోజుల్లో అన్నీ పూర్తికావు. ఒకవేళ పూర్తయినా, పిల్లలకు మిగిలేవి ఫొటోలూ బస్సులో పాడిన పాటలే. నా సలహా ఒక్కటే. చూడాల్సిన చోట్లను ముందు ఎంచుకోకు, అడగాల్సిన ప్రశ్నను ఎంచుకో. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే చోట్లకే వెళ్ళు. తక్కినవి ఎంత పేరున్నవైనా వదిలెయ్యి. హైదరాబాద్‌కు నేనిచ్చే ప్రశ్న ఇది: ఈ ఊరు ఇక్కడే ఎందుకు పుట్టింది, ఇలాగే ఎందుకు పెరిగింది? దీనికి జవాబు చాలావరకు నీళ్ళలో ఉంది. ఇంకా చెప్పాలంటే మూసీ నదిలో ఉంది.

మన పిల్లలకు ఇది పరాయి కథేమీ కాదు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ మధ్యగా పారి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కలిసే చోటు నాగార్జునసాగర్‌కు దిగువన, ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉంది. అంటే ఆ బ్యారేజీ నుంచి మన కాలవల్లో పారే నీళ్ళలో మూసీ వాటా కూడా ఉంది. బయలుదేరే ముందు వారం ఒక పీరియడ్ తీసుకుని, గోడ మీద పటం పెట్టి, ఈ దారిని పిల్లల చేతే గీయించు. కాలవ గట్ల మీద పెరిగిన పిల్లలకు తూము, కట్ట, గండి అంటే ఏమిటో నువ్వు చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏ గైడుకూ లేని ఆ తెలివిడి వాళ్ళ దగ్గర ఉంది. నీ యాత్ర దాని మీద నిలబడాలి.

మొదటి రోజంతా గోల్కొండకే ఇవ్వు. అక్కడ అందరూ చేసే పని కోట ముఖద్వారం కింద చప్పట్లు కొట్టి, కొండ పైన బాలా హిస్సార్‌లో వినిపించిందా లేదా అని అరుచుకోవడం. అది చెయ్యనీ, పిల్లలు కదా. తర్వాత గోడలు పగిలిన చోట ఆపి, లోపలున్న మట్టి గొట్టాలు చూపించు. కొండ ఎక్కేదారిలో అంచెలంచెలుగా నీటి తొట్లుంటాయి. ఒక తొట్టి నుంచి పై తొట్టిలోకి నీళ్ళు తోడి, అక్కడి నుంచి గొట్టాల ద్వారా అంతఃపురాలకూ తోటలకూ పంపేవారు. ఒక కుండెడు నీళ్ళు కొండపైకి చేరడానికి ఎన్ని చేతులు మారాయో పిల్లల్నే లెక్కగట్టమను. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడి వేసినా కోట లొంగలేదు. చివరికి లోపలి మనిషి ద్రోహం చేసి తలుపు తీశాడు తప్ప, దాహంతో ఎవరూ తెరవలేదు. రాజుల పేర్లు వరసగా అప్పజెప్పించడం కన్నా ఈ ఒక్క సంగతి ఎక్కువ నేర్పుతుంది. మధ్యాహ్నం కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా గుమ్మటాల కన్నా ముందు, ఈమధ్య బాగుచేసిన మెట్ల బావుల దగ్గరికి నడిపించు. అక్కడ ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి ముందు తెలుగు మాస్టారికి ఒక పావుగంట ఇవ్వు. తెలుగు కవులు ఆ సుల్తానును మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు.

రెండో రోజు పొద్దున్నే పురానాపూల్ మీద నిలబడండి. ట్రాఫిక్ పెరగక ముందే వెళ్ళాలి. ఆ వంతెన 1578 నాటిది, చార్మినార్ 1591 నాటిది. ముందు వంతెన, తర్వాత ఊరు! కోటలో జనం కిక్కిరిసి, నీటికి కటకట ఏర్పడి, రాజధాని నది దాటి అవతలి ఒడ్డున విశాలంగా పరుచుకుందని చరిత్రకారులు చెప్పేది ఈ రెండు తేదీల మధ్య కళ్ళకు కనబడుతుంది. ఇక్కడే ఇంకో పాఠం కూడా చెప్పొచ్చు. యువరాజు మహమ్మద్ కులీ నది అవతలున్న భాగమతిని ప్రేమించి వరదలో గుర్రం దూకించాడనీ, అది చూసి తండ్రి ఈ వంతెన కట్టించాడనీ గైడు తప్పకుండా చెబుతాడు. చెప్పనిచ్చాక, 1578లో యువరాజు వయసెంతో పిల్లల్ని అడుగు. పన్నెండు, పదమూడేళ్ళు. నీ తరగతిలో కూర్చున్న వాళ్ళకన్నా చిన్నవాడు! అలాగని కథను కొట్టిపారేయమని కాదు. భాగమతి ఉందా లేదా అన్నది ఇప్పటికీ తెగని వాదమే. హెచ్.కె. షేర్వాణీ వంటి చరిత్రకారులు లేదన్నారు, కాదని వాదించినవాళ్ళూ ఉన్నారు. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తవెర్నియే ఊరి పేరును ఒక స్త్రీ పేరుతో ముడిపెట్టి రాశాడు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు అని అడగడం పిల్లలకు అలవాటైతే చాలు. అక్కడి నుంచి చార్మినార్‌కు వెళ్తే, ఉత్తరాన నాలుగు కమాన్ల మధ్య ఉన్న గుల్జార్ హౌజ్‌ను దాటిపోకు. కొత్త ఊరి నడిబొడ్డున నీటి తొట్టి ఎందుకు పెట్టారో వాళ్ళే చెబుతారు.

మూడో రోజు 1908కి. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచేసింది. ఎగువన వందల కొద్దీ చెరువులుంటే, కుండపోత వానకు ఒకదాని కట్ట తెగి కిందిదాని మీద పడి, అలా గొలుసుగా తెగుతూ వచ్చాయి. వేలమంది చనిపోయారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతురినీ ఆ ఒక్క రోజునే పోగొట్టుకున్నాడు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఒక చింతచెట్టు ఉంది. ఆరోజు దాని కొమ్మలెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారంటారు. పిల్లల్ని దాని కింద నిలబెట్టి, నది ఎంత దూరంలో, ఎంత లోతులో ఉందో చూడమను. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అంకెల్లో చెప్పాల్సిన పనుండదు. తర్వాతి ఏడాది ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఆయన ఎగువన జలాశయాలు కట్టమనడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తికావడం, 1912లో నగరాభివృద్ధి మండలి పెట్టి ఏడో నిజాం కాలంలో ఇరుకు పేటలు తీసేసి రోడ్లు వేయడం, నది అటూ ఇటూ హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి లేవడం, ఇవన్నీ ఆ చెట్టు కింద నుంచే చెప్పొచ్చు. సాయంత్రం గండిపేట అని పిలిచే ఆ ఉస్మాన్‌సాగర్ కట్ట మీద యాత్ర ముగించండి. ఒక్క జాగ్రత్త: ఉస్మానియా రోగులు ఉన్న ఆస్పత్రి. సూపరింటెండెంటు గారికి ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకో. పొద్దున ఓపీ మొదలయ్యేలోపు పదేసి మంది చొప్పున వెళ్ళి రండి.

అంత దూరం వెళ్ళి మ్యూజియం చూపించలేదా అని తల్లిదండ్రులు అడుగుతారు. సాలార్‌జంగ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అది ఒక కుటుంబం దేశదేశాల నుంచి సేకరించిన సంపద. దాన్ని సరిగా చూడాలంటే అదే ఒక యాత్ర. ముసుగు రెబెక్కా శిల్పం ముందు ఒక నిమిషం, గంటలు కొట్టే గడియారం ముందు అరగంట తోపులాటతో చరిత్ర రాదు. సరదా కూడా కావాలి కదా అంటే, కావాలి. రెండో రోజు సాయంత్రం ట్యాంక్‌బండ్ పెట్టు. ఆ కట్ట వెనకున్న హుస్సేన్‌సాగర్ ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్వించిన చెరువే, నీ ప్రశ్నకు దూరమేమీ కాదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. నీళ్ళే పట్టుకుని కూర్చుంటే 1948 విలీనం ఏమైంది, తెలంగాణ ఉద్యమం ఏమైంది, చరిత్రలో మనుషులూ అధికారమూ మాయమైపోవా అని నీ తోటి మాస్టార్లు అనొచ్చు. నిజమే, ఏ ఒక్క ప్రశ్నా ఊరంతటినీ చూపించదు. కానీ పదహారు చోట్ల పట్టిక కూడా చూపించదు, చూపించినట్టు భ్రమ పెడుతుంది. పైగా నీళ్ళ ప్రశ్నను కాస్త లోతుగా అడిగితే అధికారం దానంతటదే బయటికొస్తుంది. కొండపైకి నీళ్ళు మోసిందెవరు, వాటితో స్నానమాడిందెవరు? 1908లో ఎవరి ఇళ్ళు కొట్టుకుపోయాయి? నది ఒడ్డున పల్లంలో మట్టి గోడల మధ్య బతికిన వాళ్ళవే ఎక్కువ. ఇరుకు పేటలు తీసేసినప్పుడు వాళ్ళెక్కడికి పోయారు? మూసీ పునరుజ్జీవనం పేరిట ఒడ్డున ఇళ్ళ తొలగింపు మీద 2024లో రేగిన వాదం కూడా ఇదే. రెండు పక్షాల మాటా పిల్లలకు వినిపించు, తీర్పు నువ్వు చెప్పకు. 1948 గురించి మరో ఏడాది, మరో ప్రశ్నతో వెళ్ళొచ్చు.

ఇక ఏర్పాట్లు. చార్మినార్ పక్కనున్న మక్కా మసీదు దగ్గర శుక్రవారం మధ్యాహ్నం జుమా రద్దీ ఉంటుంది. శుక్రవారం ప్రయాణానికి వదిలి, శని, ఆది, సోమ పెట్టుకో. నవంబరు, జనవరి మధ్య అయితే గోల్కొండ మెట్లు పిల్లల్ని అలసగొట్టవు. చార్మినార్, గోల్కొండల్లో పదిహేనేళ్ళలోపు వాళ్ళకు టికెట్టు ఉండదు, కాబట్టి పుట్టిన తేదీ ఉన్న గుర్తింపు కార్డులు అందరి దగ్గరా ఉండాలి. చార్మినార్ దాకా బస్సు రాదు. ఎక్కడ దిగాలో, మళ్ళీ ఎక్కడ కలవాలో ముందే డ్రైవరుతో తేల్చుకో. మక్కా మసీదులోకీ వెళ్ళేట్టయితే అక్కడికి తగిన బట్టలేమిటో ఇంటి దగ్గరే చెప్పు, అక్కడికెళ్ళి ఏ పిల్లా చిన్నబుచ్చుకోకూడదు. ఆడపిల్లలున్నారు కనుక టీచరమ్మలు ఇద్దరికి తగ్గకూడదు. ప్రతి పూటా మరుగుదొడ్డి ఎక్కడుందో కాగితం మీద రాసుకున్నాకే ఆ పూట కార్యక్రమం ఖాయం చెయ్యి. ఐదుగురికో జట్టు, జట్టుకో నోటుబుక్కు, ఒక్క ఫోను చాలు. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక్కో జట్టు ఆరోజు చూసిన ఒక్క వస్తువు గురించి మాట్లాడాలి. అది ఏమిటి, ఎవరు చేయించారు, నీళ్ళతో దానికేం పని.

పట్టిక మార్చి హెడ్మాస్టరు గారికి చూపించే ముందు నాకొకసారి పంపు. ఆస్పత్రికి రాసే ఉత్తరం మాత్రం ఈ వారమే వెళ్ళిపోవాలి, జవాబు రావడానికి రోజులు పడుతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న