నిలిచిన నెత్తురు

గాయమైనచోట రక్తం గడ్డకట్టడం ప్రకృతి ప్రసాదించిన రక్షణ. అదే గడ్డ గాయంలేని సిరలో ఏర్పడితే రక్షకుడే భక్షకుడవుతాడు.

జర్మన్ వైద్యశాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో (1821–1902) పేరిట దీనికి మూడు కారణాలు చెబుతారు: రక్తప్రవాహం మందగించడం, రక్తనాళపు గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం. శస్త్రచికిత్సానంతరం మంచం పట్టిన రోగిలో ఈ మూడూ కలిసి రావచ్చు. పిక్కల కండరాల కదలికే కాళ్ళలోని రక్తాన్ని గుండెవైపు నెడుతుంది. ఆ కదలిక లోపిస్తే రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

ఒక కాలు వాయడం, పిక్కనొప్పి, హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి ప్రమాదసూచనలు. కాలిలోని గడ్డను డాప్లర్ పరీక్షతోను, ఊపిరితిత్తులలోని గడ్డను సి.టి. స్కానుతోను నిర్ధారిస్తారు.

1916లో అమెరికాలో కనుగొన్న హెపారిన్ గడ్డ పెరగకుండా నిరోధిస్తుంది. 1948లో ఎలుకలమందుగా వెలువడిన వార్ఫరిన్, 1954లో మానవచికిత్సకు అనుమతి పొందింది. విషమే ఔషధమైంది! అయితే మోతాదు మించితే రక్తస్రావం కావచ్చు. అందుకే వైద్యుని పర్యవేక్షణ అవసరం.

చికిత్సకన్న నివారణ మేలు. అవసరమైనవారికి వైద్యులు ముందుగానే హెపారిన్ సూదిమందు ఇస్తారు, బిగుతైన మేజోళ్ళు తొడిగిస్తారు. శస్త్రచికిత్స జరిగిన ఆత్మీయులను “కదలవద్దు” అని వారించడం మన ప్రేమకు నిదర్శనమే. కాని వైద్యుడు అనుమతించిన వెంటనే చేయి అందించి నాలుగడుగులు నడిపించడమే నిజమైన సేవ.

అర్థాలు
సిర = గుండెకు రక్తాన్ని చేర్చే నాళం
నివారణ = రాకుండా చూడడం

ప్రశ్నలు
1. రక్తం గడ్డకట్టడానికి గల మూడు కారణాలేవి?
2. “విషమే ఔషధమైంది” – వివరించండి.