కిడ్నీ జబ్బున్న అమ్మకు ఏ క్యాన్సర్ మందు?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది హరిశ్చంద్రపురం. అమ్మకు 52 ఏళ్లు. పలాసలో జీడిపప్పు పనికి వెళ్లేది. మూడేళ్లుగా కిడ్నీ జబ్బుకు మందులు వాడుతోంది. క్రియాటినిన్ 2.1 ఉంది. ఇప్పుడు రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలింది. కీమో ఇస్తే ఉన్న కిడ్నీలు కూడా పోతాయని అందరూ భయపెడుతున్నారు. క్యాన్సర్ కణాలను మాత్రమే చంపే మందులు వచ్చాయంటున్నారు. అవి వాడొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ పలాస వైపు ఉద్దానం ప్రాంతం నుంచి ఎవరు రాసినా ముందు కిడ్నీల మాటే ఉంటుంది. మీ భయం అర్థం లేనిది కాదు. అయితే ఆ భయంతో వైద్యం ఆలస్యం చేయకండి.

వరిచేలో ఊదను చూసే ఉంటారు. వెన్ను వేసేదాకా వరిలాగే కనిపిస్తుంది. క్యాన్సర్ కణమూ అంతే. అది బయటి నుంచి వచ్చిన క్రిమి కాదు, దారితప్పిన మన సొంత కణం. అందుకే దాన్ని ఒక్కదాన్నే చంపడం అంత కష్టం. పాత కీమో మందులనే చూడండి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్‌తో, రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ చూపించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నాం. అవి వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. నోటి పొర, ఎముక మజ్జ కణాలు కూడా వేగంగా పెరిగేవే కాబట్టి వాటికీ దెబ్బ తప్పదు. పైగా మెథోట్రెక్సేట్ ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీ బలహీనంగా ఉంటే మందు ఒంట్లో నిలిచిపోయి విషమవుతుంది.

మీరు విన్న మందులు క్యాన్సర్ కణం మీద ఒక గుర్తును వెతుక్కుంటూ వెళ్తాయి. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతంలో హెర్-2 అనే ప్రోటీన్ అతిగా ఉంటుంది. ట్రాస్టుజుమాబ్ అనే మందు దానికే అతుక్కుంటుంది. ఇప్పుడు మన దేశంలోనూ తయారవుతోంది. ఆ గుర్తు లేని గడ్డకు ఎంత ఖర్చుపెట్టి ఇచ్చినా పనిచేయదు. కాబట్టి ముందు బయాప్సీ ముక్క మీద హెర్-2తో పాటు ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాల పరీక్షలు చేయించండి. హెర్-2 '3+' వస్తే మందు పనికొస్తుంది. '2+' అయితే ఫిష్ అనే జన్యు పరీక్షతో నిర్ధారించుకోవాలి. ఈఆర్ ఉంటే హార్మోన్ బిళ్లలు బాగా సాయపడతాయి.

గురిచూసి కొట్టే మందు అంటే హాని లేని మందు అనుకోవద్దు. ట్రాస్టుజుమాబ్ కిడ్నీలకు పెద్దగా భారం కాదు గానీ గుండె కండరాన్ని బలహీనపరచవచ్చు. మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత మూడు నెలలకోసారి ఎకో తీయాలి. సాధారణంగా దీనికి తోడు కీమో కూడా ఇస్తారు. అందులో కిడ్నీలకు హాని చేసే సిస్‌ప్లాటిన్ లాంటివి తప్పించవచ్చు. కార్బోప్లాటిన్ డోసునైతే కిడ్నీ పనితీరును బట్టే లెక్కగడతారు.

విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, మరో చోటికి వెళ్లినా క్రియాటినిన్ రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి. సీటీ స్కాన్‌కు రంగు మందు ఎక్కించే ముందు కిడ్నీ జబ్బుందని మీరే చెప్పండి. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు, పసరు మందులు అమ్మగారికి అస్సలు ఇవ్వకండి. బయాప్సీ మైనపు బ్లాకు ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకుని భద్రంగా ఉంచండి. హెర్-2, ఈఆర్, పీఆర్ పరీక్షలన్నీ దాని మీదే చేస్తారు.