ఒళ్లు చేస్తే బలమేనా?

"ఒళ్లు చేసింది, బలంగా ఉంది" అని మన వైపు మురిసిపోతుంటాం. వార్డులో నేను చూసింది వేరు. ముట్టు ఆగిన నాలుగేళ్లకు మళ్లీ రక్తం కనబడితే, సిగ్గుతో ఆరు నెలలు దాచుకొని ఒకావిడ మా దగ్గరికి వచ్చారు. బరువు బాగా ఎక్కువ. గర్భసంచి కేన్సర్ అని తేలింది.

మన రక్తంలో నేచురల్ కిల్లర్ కణాలని కాపలాదారులు ఉన్నాయి. చెడిన కణాన్ని గుర్తుపట్టి చంపడం వాటి పని. ఊబకాయంలో ఆ కాపలా కణాల్లోకే కొవ్వు చేరి, వాటి చంపే శక్తి తగ్గిపోతుందని 2018లో డబ్లిన్, హార్వర్డ్ శాస్త్రజ్ఞులు చూపారు. పైగా ముట్టు ఆగాక కూడా ఒంట్లో కొవ్వు ఈస్ట్రోజెన్ తయారుచేస్తూ గర్భసంచి లోపలి పొరను పెంచుతూనే ఉంటుంది.

లావైన వారందరికీ కేన్సర్ రాదు. సన్నని వారికీ వస్తుంది. కాబట్టి ఎవరినీ ఎగతాళి చేయకండి. టేపుతో నడుము కొలుచుకోండి: స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. (చోడి అంబలి మానేసి మూడు పూటలా తెల్లన్నం ఎప్పుడు మరిగామో గాని!) ముట్టు ఆగాక ఒక్క చుక్క రక్తం కనబడినా ఆ వారమే చూపించుకోండి. డాక్టరు గారితో చెప్పడానికి సిగ్గయితే ముందు మా సిస్టర్లతో చెప్పండమ్మా.