మూడు మెట్ల దగ్గర ఆగిన సైకిలు
వికలాంగుల హక్కులు, చట్టం: దాతలకు ఒక పాఠం

సుమారు పదహారేళ్ల కిందటి మాట. మన సొసైటీ రంజాన్ నెలలో పంచిన మూడు చక్రాల సైకిళ్లలో ఒకటి, మా బడిలో ఎనిమిదో తరగతిలో చేరిన ఒక అబ్బాయికి అందింది. రెండు కాళ్లూ పనిచేయవు. లెక్కల్లో మాత్రం క్లాసులో వాడి తర్వాతే ఎవరైనా. సైకిలును చేతులతో తిప్పుకుంటూ బడి గేటు దాకా ఒక్కడే వచ్చేవాడు. గేటు దాటితే వరండా, వరండాకు మూడు మెట్లు. సైకిలు అక్కడ ఆగేది. అక్కడి నుంచి వాళ్ల నాన్న ఎత్తుకుని బెంచీ మీద కూర్చోబెట్టాలి, మధ్యాహ్నం మళ్లీ రావాలి. ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. రోజుకు రెండుసార్లు పని వదిలి వస్తే కూలి ఎవరిస్తారు?

రెండు నెలలయ్యాక ఆయన స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, "సార్, మీరే ఏదైనా దారి చూపించాలి" అన్నాడు. నేను చూపిన దారి ఇది: "ఇంటి దగ్గరే చదివించండి భాయ్, పదో తరగతి ప్రైవేటుగా కట్టిద్దాం." మంచి సలహా ఇచ్చానన్న తృప్తితోనే ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాను. ఆ అబ్బాయి పదో తరగతి పరీక్ష ఎన్నడూ రాయలేదు.

నాకు తెలియక జరిగిందంటే అబద్ధమవుతుంది. బి.ఎడ్. చదివేటప్పుడు ప్రత్యేక అవసరాలు గల పిల్లల గురించి పది మార్కుల జవాబు రాసినవాణ్ణే. అప్పటికే 1995 నాటి వికలాంగుల చట్టం అమల్లో ఉంది. బడుల్లో కట్టడాల వల్ల కలిగే అడ్డంకులు తొలగించేలా ప్రభుత్వం పథకం తయారుచేయాలని దాని 30వ సెక్షన్ చెబుతోంది. అంటే ఆ మూడు మెట్ల పక్కన ఒక ర్యాంపు కావాలని అడగడానికి ఆ తండ్రికి చట్టంలో ఆధారం ఉంది. ఆయనకు ఆ సంగతి తెలియదు. నేను చెప్పలేదు. సైకిలు ఇచ్చిన మనం, అది ఎక్కడిదాకా వెళుతుందో చూడలేదు.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. రాజ్యాంగాన్నే తీసుకోండి. మతం, జాతి, కులం, స్త్రీ పురుష భేదం, జన్మస్థలం కారణంగా వివక్ష చూపరాదని 15వ అధికరణం చెబుతుంది. ఆ వరుసలో వైకల్యం లేదు. వైకల్యం మాట 41వ అధికరణంలో వస్తుంది, అదీ ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు అందించే సహాయం గురించి. ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా తొమ్మిదో అంశంలోనూ వికలాంగులకు, పనిచేయలేనివారికి 'సహాయం' అనే ఉంది. ఇద్దరినీ ఒకే గాటన కట్టారు. మొదట్లో దేశం వికలాంగుణ్ణి చూసింది సాయం పొందేవాడిగానే. ఫించను, సైకిలు, కర్ర, వినికిడి యంత్రం ఆ చూపులోంచి వచ్చినవి. అవి అక్కర్లేదని నేను అనను. ఫించను పడకపోతే నెల గడవని ఇళ్లు మన మొహల్లాలోనే ఉన్నాయి.

ఇక్కడ పదం గురించి ఒక మాట. దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని ఇప్పుడు రకరకాలుగా అంటున్నారు. నేను వికలాంగులు అనే రాస్తున్నాను. పేరు మార్చి మెట్లు అలాగే ఉంచితే ఎవరికి లాభం?

ఆ చూపును మార్చడానికి పోరాడినవారిలో మన పాఠకులు తప్పక తెలుసుకోవలసిన పేరు జావేద్ ఆబిదీ. 1965లో అలీగఢ్‌లో పుట్టారు. పుట్టుకతోనే వెన్నెముక లోపం, పదిహేనేళ్ల వయసు నుంచి చక్రాల కుర్చీ. అమెరికాలో జర్నలిజం చదివి తిరిగొచ్చారు. 1995 డిసెంబరులో వికలాంగులు పార్లమెంటు ముందు బైఠాయించడానికి నాయకత్వం వహించిన వారిలో ఆయన ఒకరు. ఆ తర్వాత కొద్ది రోజులకే, అదే నెలలో, బిల్లు ఆమోదం పొందింది. 1996 ఫిబ్రవరిలో చట్టం అమల్లోకి వచ్చింది.

చట్టం కాగితం మీద ఉండిపోతుంటే, అమలు చేయించమని ఆబిదీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పట్లో ప్రభుత్వ రంగంలోని ఇండియన్ ఎయిర్‌లైన్స్ అంధులకు టిక్కెట్టులో రాయితీ ఇస్తుండేది. కదలికల వైకల్యం 80 శాతం, అంతకు మించి ఉన్నవారికి కూడా అదే రాయితీ ఇవ్వాలని 1998 డిసెంబరులో కోర్టు ఆదేశించింది. విమానం టిక్కెట్టుతో మనకేం పని అనిపించవచ్చు. 2004 లోక్‌సభ ఎన్నికలు చూడండి. చక్రాల కుర్చీలో ఉన్నవాడు ఓటెలా వేయాలని ఆయన మళ్లీ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. పోలింగ్ కేంద్రాలకు ర్యాంపులు వేయాలని కోర్టు ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. ఈ రోజు మనం ఓటు వేసే బడుల్లో చాలావాటికి ఒక పక్క సిమెంటు ర్యాంపు కనిపిస్తుంది. ఎన్నికల కోసం వేసిన దాని మీదే మిగతా రోజుల్లో పిల్లలు బడికి వెళుతున్నారు. ఆబిదీ 2018 మార్చిలో కన్నుమూశారు.

ఇప్పుడు అమల్లో ఉన్నది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతోంది. పాత చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే ఇది 21 రకాలను గుర్తించింది. తలసీమియా, ఆటిజం, రాయడంలో చదవడంలో ఇబ్బందులు కూడా ఇందులో చేరాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషను 3 నుంచి 4 శాతానికి పెరిగింది. ఉన్నత విద్యలో 5 శాతం. ఈ అంకెలు చాలామందికి తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది, చట్టానికి ప్రాణం అదే: 'సహేతుకమైన వెసులుబాటు'.

బడి భాషలో చెబుతాను. చూపు తక్కువున్న పిల్లవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెడతాం. అందుకు ఎవరికీ చందా రాయం, వాడికి దానం చేశామని అనుకోం. బోర్డు కనబడకపోతే వాడికి పాఠం అందదు కనుక చోటు మార్చాం, అంతే. చట్టం అడిగేదీ అదే. ఒక మనిషి అందరితో సమానంగా చదవడానికో, పనిచేయడానికో, పరీక్ష రాయడానికో తగిన మార్పు కావాలంటే, ఎదుటివారికి మోయలేని భారం కానంతవరకు ఆ మార్పు చేయాలి. చేయకపోతే అది వివక్ష.

ఈ సంగతి నాకు పూర్తిగా తలకెక్కింది ఒక తీర్పు చదివాక. వికాస్ కుమార్ అనే యువకుడికి చేతివేళ్లు పట్టేసి రాయడం కష్టం. సివిల్స్ పరీక్షకు స్క్రైబ్, అంటే తాను చెబుతుంటే రాసిపెట్టే మనిషి, కావాలని అడిగితే యు.పి.ఎస్.సి. కుదరదంది. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు ఇచ్చింది. రిజర్వేషనుకు 40 శాతం వైకల్యం కావాలన్న నియమం వేరు, పరీక్షలో వెసులుబాటు వేరు, 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించరాదని చెప్పింది.

ఆ మరుసటి ఏడాది మా పదో తరగతిలో చేతులు వణికే అమ్మాయి ఉంది. సదరం శిబిరంలో ఇచ్చిన సర్టిఫికెట్టులో 30 శాతం. "నలభై లేదు కదా, స్క్రైబ్ రాదు" అన్నారు ఒక కార్యాలయంలో. వాళ్ల అమ్మ టైలరింగ్ చేస్తుంది. "వదిలేద్దాం సార్, వచ్చినంతే రాస్తుంది" అంది. ఈసారి నేను మంచి సలహా ఇవ్వలేదు. తీర్పులో అవసరమైన పేజీలు ప్రింటు తీయించి, దరఖాస్తుకు జతచేసి ఇచ్చాం. ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్నాం. పది రోజులు చూసి, ఆ ముద్ర ఉన్న కాపీతో వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు పంపాం. పరీక్షలకు నాలుగు రోజుల ముందు అనుమతి వచ్చింది. అదనపు సమయం గురించి మాత్రం ఆ కాగితంలో ఒక్క మాట లేదు. లెక్కల పరీక్షలో చివరి రెండు ప్రశ్నలు వదిలేసింది. అయినా మొదటి శ్రేణిలో పాసైంది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

ఆ పనికి డబ్బు ఎంతయిందో దాతలకు చెప్పాలి. ప్రింట్లు, రిజిస్టరు పోస్టు, ఆటోలు, ఆ తల్లి పోగొట్టుకున్న మూడు రోజుల సంపాదన. అన్నీ కలిపినా ఒక మూడు చక్రాల సైకిలు ఖరీదులో చిన్న వంతు. వకీలు ఫీజు లేదు. కోర్టు దాకా వెళ్లవలసి వచ్చినా ఉండేది కాదు. 1987 నాటి న్యాయ సేవల సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వికలాంగులకు, ఆదాయం ఎంతన్న ప్రశ్న లేకుండా, ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. లేనిదల్లా ఆ గుమ్మం దాకా తోడు వచ్చే మనిషి. సదరం స్లాటు బుక్ చేయించేవాడు, దరఖాస్తు రాసిపెట్టేవాడు, వాయిదా రోజున ఆటోలో తీసుకెళ్లేవాడు. ఇలాంటి ఖర్చు రశీదు పుస్తకంలో ఏ పద్దు కిందా ఇమడదు. జకాత్ సొమ్ము దేనికి వాడవచ్చో ఉలమాలు చెప్పాలి, నేను చెప్పను. సదఖాకు, సాధారణ చందాలకు ఆ ఇబ్బంది లేదు కనుక ఈ సంవత్సరం ఒక పద్దు తెరవమని కార్యదర్శి గారిని అడిగాను.

ఓపిక కావాలన్నది కూడా నిజం. చూపు లేని రాజీవ్ రతూరి అనే ఆయన, రోడ్లు, భవనాలు, రవాణా అందరికీ అందుబాటులో ఉండాలని 2005లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. 2017లో కోర్టు ఆదేశాలిచ్చింది. అమలు ఎలా ఉందో చూసి చెప్పమని తర్వాత మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ నివేదిక చూశాక 2024 నవంబరు 8న, అందుబాటు ప్రమాణాలను 'పాటిస్తే మంచిది' అన్నట్టు వదిలేసిన నిబంధన చెల్లదని, తప్పనిసరి నియమాలు చేయాలని తీర్పు ఇచ్చింది. దరఖాస్తు నుంచి ఆ తీర్పు దాకా పంతొమ్మిదేళ్లు. పదో తరగతి పిల్లలకు అంత సమయం ఉండదు. అందుకే పెద్ద కోర్టుల్లో గెలిచిన మాటను మన ఊరి ఆఫీసు బల్ల మీద పెట్టేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి.

హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) చూపు లేనివారని మనందరికీ తెలుసు. ప్రవక్త (స) మదీనా విడిచి వెళ్లినప్పుడు నగరం బాధ్యతను ఆయనకు అప్పగించిన సందర్భాలున్నాయి. మన సొసైటీ కార్యవర్గంలో ఇప్పటివరకు ఒక్క వికలాంగుడు లేడు. ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు.

చివరగా వచ్చే పంపిణీ సభ సంగతి. ఏటా అతిథులు వేదిక మీద కూర్చుంటారు, సైకిళ్లు తీసుకునేవారు కింద ఉంటారు. పేరు పిలిచాక అతిథి దిగివస్తారు, ఫోటో తీస్తారు. పోయిన వారం ఫంక్షన్ హాలుకు వెళ్లి టేపు పెట్టి కొలిచాను. వేదిక ఎత్తు మూడడుగులు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు అన్నది ర్యాంపుకు ప్రమాణం. ముప్పై ఆరు అడుగులు కావాలి, హాలులో అంత చోటు లేదు. ఈసారి ఆ వేదిక వద్దు, అడుగు ఎత్తు చెక్క బల్లలు వేసి పన్నెండు అడుగుల ర్యాంపు పెడదామని కమిటీకి రాసిచ్చాను. చేసిపెడతానని మా వీధి వడ్రంగి ఒప్పుకున్నాడు. మా పాత విద్యార్థికి, అదే ఆ సైకిలు అబ్బాయికి, ఇప్పుడు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. సభకు రమ్మని పిలిచాను. "మెట్లున్నాయా సార్?" అని అడిగాడు.