కీర దోసతో చెయ్యి తిరగనివ్వండి

విశాఖ గోపాలపట్నంలో బోటనీ, కెమిస్ట్రీలతో డిగ్రీ చేసిన పిల్లలకు ఇంట్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న, ఈ చదువుకి స్టీల్‌ప్లాంట్‌లో ఏం ఉద్యోగం వస్తుందని. అక్కడ దొరక్కపోవచ్చు గానీ మొక్కల టిష్యూ కల్చర్‌లో దారి ఉంది. ఆ పనిలో చెయ్యి తిరగడానికి కీర దోసను మించింది లేదంటాను. విత్తనం చౌక, నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, పొరపాటు చేస్తే దాచదు.

విత్తనం పెంకు ఒలిచి, ఆల్కహాల్‌తోనూ బ్లీచ్ ద్రావణంతోనూ శుద్ధిచేసి, లామినార్ ఫ్లోలో మీడియం మీద పెడతారు. మొలకెత్తాక బీజదళాలను కోయాలి. అసలు పనితనం ఇక్కడే. కాండానికి ఆనుకున్న మొదలు భాగం నుంచే పిలకలు బాగా వస్తాయి, కొస ముక్క నుంచి అంతగా రావు. పైగా రెండు దళాల మధ్యనున్న మొగ్గ పిసరంత మిగిలినా అదే చిగురేస్తుంది. కొత్త మొక్క పుట్టిందని సంబరపడితే మోసపోయినట్టే. ఈ తేడా కంటితో పట్టగలిగిన కుర్రాడో అమ్మాయో ఏ ల్యాబ్‌కైనా కావాలి.

మీడియం 1962లో మురాషిగే, స్కూగ్ తయారుచేసిన ఎంఎస్ మీడియమే. లీటరుకు 30 గ్రాముల చక్కెర, పీహెచ్ 5.8, 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్. పిలకలకు బీఏపీ అనే హార్మోను వాడతారు. ఒక రకానికి కుదిరిన మోతాదు ఇంకో రకానికి కుదరదు, కొన్నిసార్లు ఆకులు నీరుపట్టి గాజులా తయారవుతాయి. అందుకే ఏ సీసాలో ఏం వేశారో రోజూ రాసుకోవాలి.

ఒక మాట ముందే తెలుసుకోండి. కీర విత్తనంతోనే చౌకగా పండుతుంది కనుక రైతుకు అమ్మే నారు కోసం ఈ పద్ధతి అక్కర్లేదు. దీని అవసరం పరిశోధనకు. 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు క్రిస్పర్‌తో జన్యువు మార్చి వైరస్‌లను తట్టుకునే కీర మొక్కల్ని సాధించారు. మార్చిన కణం నుంచి నిండు మొక్క రావాలంటే ఈ విద్యే ఆధారం. హైదరాబాద్ చుట్టుపక్కల విత్తన కంపెనీల బయోటెక్ విభాగాలను గమనిస్తూ ఉండమనేది అందుకే.

రోజువారీ ఉద్యోగాలు మాత్రం ఎక్కువగా అరటి మొక్కలు తయారుచేసే ల్యాబుల్లో ఉంటాయి. అక్కడి పనులు మీడియం తయారీ, ఇనాక్యులేషన్, సబ్‌కల్చర్, హార్డెనింగ్. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2006 నుంచి టిష్యూ కల్చర్ మొక్కలకు సర్టిఫికేషన్ విధానం నడుపుతోంది కాబట్టి వైరస్ పరీక్షలు చేయడం వచ్చినవాళ్లకూ పనుంది. మొదట్లో జీతం తక్కువే, గంటల తరబడి ఒకేచోట కూర్చుని కోస్తూ ఉండాలి. ఓపిక లేనివాళ్లు ఇటు రాకపోవడమే మేలు.

ఇంటర్ బైపీసీ వాళ్లు ఈఏపీసెట్ రాసి వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం కోర్సులకు వెళ్లొచ్చు. డిగ్రీ అయినవాళ్లకు ఊళ్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, పీజీసెట్ రాయాలి. బయోటెక్నాలజీ శాఖ సాయంతో నడిచే పీజీ సీట్లకైతే గాట్-బి. ఎక్కడ చేరినా ముందు సీనియర్లను కలిసి, స్కాల్పెల్ మీ చేతికి ఎప్పుడిస్తారో, వారానికి ఎన్ని సీసాలు మీరే ఇనాక్యులేట్ చేయొచ్చో అడగండి. చూపించి పంపేసే ల్యాబ్ అయితే ఇంకోటి వెతుక్కోండి.